హ్యాచ్‌బ్యాక్ కారు డిక్కీ డోరును ఇంటి దగ్గరే విప్పి బిగించడం: సమగ్ర మార్గదర్శి

వెనక నుంచి ఏదో బండి గుద్ది సొట్టపడిన డిక్కీ డోరును విడిగా టింకరింగ్ షాపుకు పంపాలనుకునేవారు, కింది అంచు తుప్పుపట్టి పోతే సెకండ్ హ్యాండ్ డోరు తెచ్చి పెట్టుకోవాలనుకునేవారు ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఒకటే: దాన్ని ఇంటి దగ్గర సవ్యంగా ఎలా విప్పాలి? మారుతి స్విఫ్ట్, హ్యుందాయ్ ఐ20, టాటా టియాగో వంటి చిన్న కార్లన్నిటికీ పద్ధతి దాదాపు ఒకటే. బోల్టుల సైజులు, ప్యానెల్ క్లిప్పుల స్థానాలు మాత్రమే మోడల్‌ను బట్టి మారతాయి.

బోల్టులు విప్పడం ఇందులో చిన్న పని. విప్పిన డోరు మునుపటి గ్యాపులతోనే (డోరుకూ కారు బాడీకీ మధ్య ఉండే సందులతోనే) కూర్చోవాలి, వానకు లోపలికి నీరు దిగకూడదు, ఒక్క వైరు కూడా నలగకూడదు. కష్టమంతా ఇక్కడే ఉంది కాబట్టి, కింద చెప్పిన ప్రతి అడుగునూ తిరిగి బిగించే రోజును మనసులో పెట్టుకుని చేయాలి.

1. అసలు డోరు విప్పాల్సిన పనేనా?

డిక్కీ లాక్, వెనక వైపర్ మోటారు, నంబరు ప్లేటు లైటు, రివర్స్ కెమెరా మార్చడానికి లోపలి ప్లాస్టిక్ ప్యానెల్ తీస్తే చాలు. డోరు ఎత్తితే నిలవకుండా కిందికి దిగిపోతుంటే గ్యాస్ షాకర్లు (డోరును ఎత్తి నిలిపే రాడ్లు) అయిపోయినట్టే. వాటినీ డోరు విప్పకుండానే మార్చవచ్చు.

డిక్కీ ఎత్తినప్పుడు నంబరు ప్లేటు లైటు వెలిగి, దించగానే ఆరిపోతుంటే, రూఫుకూ డోరుకూ మధ్య ఉండే ముడతల రబ్బరు గొట్టంలో వైరు తెగి ఉండవచ్చు. ఏళ్ల తరబడి ఒకే చోట వంగుతూ ఉండడం వల్ల పైన తొడుగు బాగానే కనిపించినా లోపలి రాగి తీగ తెగిపోతుంది. గొట్టాన్ని ఒక కొస నుంచి జార్చి ఆ వైరును అతికితే సరిపోతుంది.

హింజుల (డోరును రూఫుకు పట్టి ఉంచే కీళ్ల) దగ్గర రేకు వంగినా, కింది మడత పూర్తిగా తుప్పు తిన్నా, డోరు మొత్తం మార్చాల్సి వచ్చినా, లోపలా బయటా పూర్తి పెయింటింగ్ చేయించాల్సి వచ్చినా మాత్రమే విప్పాలి. విశాఖపట్నం, కాకినాడ వంటి తీర పట్టణాల్లో ఉప్పుగాలికి కింది మడత త్వరగా తుప్పుపడుతుంది కాబట్టి అక్కడివారికి ఈ అవసరం ఎక్కువగా వస్తుంది.

పానా చేతిలోకి తీసుకునే ముందు మూడు విషయాలు తేల్చుకోవాలి.

- ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేయాలనుకుంటే సర్వేయర్ చూసి ఫొటోలు తీసుకునే వరకు ఏ భాగాన్నీ విప్పకూడదు.
- కారు వారంటీలో ఉంటే, ఇంటి దగ్గర విప్పడం వల్ల ఏ భాగానికి వారంటీ పోతుందో ముందే అడిగి తెలుసుకోవాలి.
- హై సెక్యూరిటీ నంబరు ప్లేటు డోరు మీదే ఉంటే, డోరు మార్చినప్పుడు ఆ ప్లేటు సంగతి ముందుగానే చూసుకోవాలి. 2019 ఏప్రిల్ 1 తర్వాత తయారైన వాహనాలన్నిటికీ ఈ ప్లేటే వస్తుంది. దాని స్నాప్ లాకులు ఒకసారి పీకితే మళ్లీ పనికిరావు, వాటిని అధీకృత కేంద్రంలోనే మళ్లీ వేయించుకోవాలి. అదే డోరును తిరిగి పెట్టుకునేవారు ప్లేటును కదిలించకుండా పైన మాస్కింగ్ కాగితం అంటించి పంపడం మేలు.

2. చోటు, మనుషులు, సామాన్లు

కారును చదునైన నేల మీద, నీడలో నిలిపి హ్యాండ్ బ్రేక్ వేయాలి. వెనక రెండు మీటర్ల ఖాళీ, డోరు పూర్తిగా లేవడానికి పైన చాలినంత ఎత్తు ఉండాలి. ఈదురుగాలి ఉన్న రోజు ఈ పని పెట్టుకోకూడదు. షాకర్లు తీసిన డోరును గాలి పట్టుకుంటే మనుషుల చేతుల్లో ఆగదు.

అద్దంతో కలిపి చూస్తే చిన్న కారు డోరు కూడా 20 కిలోలు దాటవచ్చు. బరువు కన్నా దాని వెడల్పే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఇద్దరు పట్టుకోవాలి, మూడో మనిషి బోల్టులు విప్పాలి. ఒంటరిగా చేయగలమనే ధీమాతో మొదలుపెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వకూడదు.

సిద్ధం చేసుకోవాల్సినవి:

- 10, 12, 13, 14 నంబర్ల సాకెట్లు, రాట్చెట్, పొడిగింపు రాడ్డు. జపాన్, కొరియా కంపెనీల కార్లలో 10, 12 ఎక్కువగా పడతాయి. యూరప్ కంపెనీల కార్లలో నక్షత్రం ఆకారపు తల ఉన్న స్క్రూలు కూడా ఉంటాయి కాబట్టి ఆ బిట్లూ ఉండాలి.
- ప్లస్ ఆకారపు మొన ఉన్న స్టార్ స్క్రూడ్రైవర్, సన్నని చదును స్క్రూడ్రైవర్
- ప్యానెల్ ఊడదీసే ప్లాస్టిక్ పట్టీలు
- మాస్కింగ్ టేపు, సన్నని మార్కర్, మిల్లీమీటర్ల స్కేలు
- తుప్పు వదిలించే స్ప్రే
- గట్టి నైలాన్ తాడు రెండు మీటర్లు, ఇన్సులేషన్ టేపు
- డోరుకు ఆనించడానికి సరిపడా పొడవున్న కర్ర, రెండు కొసలకు చుట్టడానికి మందపాటి గుడ్డ
- డోరు పడుకోబెట్టడానికి బొంతలు లేదా పాత పరుపు
- స్క్రూలు వేరువేరుగా వేయడానికి చిన్న డబ్బాలు, పేర్లు రాయడానికి కాగితం
- చేతి తొడుగులు. లోపలి రేకు అంచులు బ్లేడులా కోస్తాయి.

3. ముందు డిక్కీ తెరవాలి, తర్వాతే బ్యాటరీ తీయాలి

ఈ వరుస తప్పకూడదు. చాలా కార్లలో డిక్కీ లాక్ కరెంటుతో తెరుచుకుంటుంది. బ్యాటరీ తీసేశాక డోరు మూసుకుపోతే వెనక సీటు మడిచి, కారు లోపలికి దూరి, లాక్ దగ్గరి చిన్న మూత తీసి, స్క్రూడ్రైవర్‌తో మీటను నెట్టాల్సి వస్తుంది.

కాబట్టి, డోరు మూసి ఉండగానే 7వ భాగంలో చెప్పినట్టు గ్యాపులు కొలుచుకుని, డిక్కీని పూర్తిగా ఎత్తి, పార్సెల్ ట్రే తాళ్లు విప్పి, ట్రేను పక్కన పెట్టాలి. ఆపైన తాళం చెవి తీసి, బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్‌ను వదులు చేసి, అది మళ్లీ తగలకుండా గుడ్డ చుట్టి పక్కకు ఉంచాలి. కనీసం 3 నిమిషాలు ఆగిన తర్వాతే ఏ వైరునైనా ముట్టుకోవాలి.

4. లోపలి ప్యానెల్ తీయడం

ప్యానెల్‌లో, డోరును చేతితో మూసే పిడి గుంటలో సాధారణంగా ఒకటో రెండో స్క్రూలు దాగి ఉంటాయి. పైన చిన్న ప్లాస్టిక్ మూత ఉంటే దాన్ని చదును స్క్రూడ్రైవర్‌తో లేపాలి. కనిపించని స్క్రూ ఒకటి మిగిలిపోతే ఎంత లాగినా ప్యానెల్ రాదు, పగులుతుంది.

స్క్రూలన్నీ తీశాక కింది అంచు దగ్గర ప్లాస్టిక్ పట్టీ దూర్చి, మొదటి క్లిప్పుకు వీలైనంత దగ్గరగా మీటాలి. క్లిప్పు మీద కాకుండా దూరంగా ప్యానెల్ మీద బలం పెడితే క్లిప్పు కూర్చునే గూడే విరుగుతుంది. చలికాలం ఉదయం ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది కాబట్టి కాసేపు ఎండ తగిలాక చేయడం మంచిది.

కొన్ని క్లిప్పులు రేకులోనే ఉండిపోతాయి. వాటిని జాగ్రత్తగా పీకి ప్యానెల్‌కు తిరిగి తొడగాలి. విరిగినవి ఎన్నో లెక్కపెట్టి, నమూనాగా ఒకటి పట్టుకుని స్పేర్ పార్ట్స్ దుకాణానికి వెళ్తే సరిపోయేవి దొరుకుతాయి.

5. వైర్లు విప్పడం: తాడు కట్టకుండా లాగకూడదు

వైరు ఎక్కడ ఏ క్లిప్పుకు పట్టి ఉందో ఫోన్‌తో ముందుగా దగ్గర నుంచీ దూరం నుంచీ ఫొటోలు తీసుకోవాలి. ఆపైన లాక్, వైపర్ మోటారు, నంబరు ప్లేటు లైట్లు, పైన ఉండే మూడో బ్రేక్ లైటు, కెమెరా, డోరు మీద ఉంటే టెయిల్ ల్యాంపులు, ఇలా ఒక్కొక్క కనెక్టర్‌ను విడదీసి, టేపు మీద పేరు రాసి అంటించాలి. కనెక్టర్‌ను దాని నాలుక నొక్కి ప్లాస్టిక్ భాగం పట్టుకునే లాగాలి, వైరు పట్టుకుని లాగకూడదు.

వెనక అద్దం మీద మంచు కరిగించే డీఫాగర్ గీతలుంటే, రెండు పక్కలా అద్దానికి అతికించిన చిన్న లోహపు రెక్కలకు ఆ వైర్లు తగిలించి ఉంటాయి. ఇక్కడ తొందర అసలు పనికిరాదు. రెక్క అడుగుభాగాన్ని ఒక చేతి వేళ్లతో అద్దానికి అదిమి పట్టి, రెండో చేత్తో కనెక్టర్‌ను నేరుగా లాగాలి. పక్కకు తిప్పితే రెక్క అద్దం నుంచి ఊడివస్తుంది. మామూలు జిగురుతో అతికిస్తే కరెంటు పారదు, దాన్ని మళ్లీ నిలబెట్టడం చాలా ఇబ్బందితో కూడిన పని.

కనెక్టర్లన్నీ విడిపోయాక వైర్ల కట్ట కొసకు నైలాన్ తాడును టేపుతో గట్టిగా చుట్టాలి. కనెక్టర్లను ఒకదాని వెనక ఒకటి వచ్చేలా, సన్నగా పొడవుగా అమర్చి చుడితేనే రంధ్రంలో ఇరుక్కోవు. రబ్బరు గొట్టం డోరు వైపు కొసను జార్చి, వైర్ల కట్టను పైకి లాగుతుంటే తాడు దాని వెంటే డోరు లోపలికి వెళ్తుంది. కట్ట పూర్తిగా బయటికి వచ్చాక తాడును వైరు నుంచి విప్పి, డోరులోనే ఉంచి, రెండు కొసలకూ ముడివేయాలి. బిగించే రోజున ఈ తాడు ఉంటే వైర్లు ఒక నిమిషంలో తిరిగి వస్తాయి. లేకపోతే బోలుగా ఉన్న రేకు సందుల్లో గంటల తరబడి వెతకాలి.

వెనక వైపర్ ఉన్న కార్లలో నీటి గొట్టం కూడా ఇదే దారిలో ఉంటుంది. దాన్ని జాయింటు దగ్గర విడదీసి, నీరు లైనింగ్ మీద కారకుండా కొసకు చిన్న బిరడా పెట్టాలి.

6. ఏవి డోరుకే ఉంచాలి, ఏవి తీసేయాలి

పెయింటింగ్‌కు పంపేట్లయితే లాక్, వైపర్, స్పాయిలర్, బ్యాడ్జీలు, లైట్లు అన్నీ తీసేయాలి. చిన్న రేకు పని మాత్రమే అయితే లాక్, వైపర్ మోటారును ఉంచేయవచ్చు. అద్దం జిగురుతో అతికించి ఉంటుంది కాబట్టి ఇంటి దగ్గర దాని జోలికి వెళ్లకూడదు.

వైపర్ చేతిని తీసే ముందు అది ఆగి ఉన్న చోట అద్దం మీద టేపు అంటించాలి. నట్టు తీశాక చెయ్యి రాకపోతే దాని మొదలు దగ్గర స్ప్రే కొట్టి, పది నిమిషాలు ఆగి, మెల్లగా అటూ ఇటూ కదిపితే వదులవుతుంది. స్క్రూడ్రైవర్‌ను అద్దానికి ఆనించి మీటితే అద్దం పోతుంది.

7. హింజులకు గుర్తులు

ఈ అడుగును చాలామంది వదిలేస్తారు, తర్వాత గ్యాపు కుదరక రోజంతా తంటాలు పడతారు.

డోరు మూసి ఉన్నప్పుడు, అంటే పని మొదలుపెట్టే ముందే, ఎడమ పైన, ఎడమ కింద, కుడి పైన, కుడి కింద గ్యాపులను కొలవాలి. సన్నని అట్టముక్కలను ఒకదాని మీద ఒకటి పేర్చి, సందులో సరిగ్గా పట్టే మందం వచ్చాక టేపు చుట్టి, దాని మీద ఆ చోటు పేరు రాసుకుంటే, బిగించేటప్పుడు అదే కొలతబద్ద అవుతుంది.

డోరు ఎత్తాక ప్రతి హింజు చుట్టూ మార్కర్‌తో సన్నని గీత గీయాలి. పెయింటర్ చేతిలో ఆ గీత చెరిగిపోవచ్చు కాబట్టి, హింజు అంచు నుంచి డోరు పక్క అంచుకు ఎన్ని మిల్లీమీటర్లో స్కేలుతో కొలిచి కాగితం మీద కూడా రాసుకోవాలి. సొట్టపడిన డోరుకు పాత గ్యాపులే తప్పుగా ఉండవచ్చు. అప్పుడు దెబ్బ తగలని పక్కన ఉన్న కొలతను ప్రమాణంగా తీసుకోవాలి.

8. ముందు కర్ర, ఆ తర్వాత షాకర్లు

కర్ర ఆనించకుండా ఒక్క షాకర్ కూడా విప్పకూడదు. గుడ్డ చుట్టిన కర్ర ఒక కొసను డిక్కీ గడప మీద, రెండో కొసను డోరు లోపలి గట్టి రేకు మడతకు ఆనించాలి. అద్దానికి గానీ, లాక్‌కు గానీ ఆనించకూడదు. దానికి తోడు ఒక మనిషి డోరును పట్టుకునే ఉండాలి.

షాకర్ కొసన చిన్న గుండ్రటి గూడు ఉంటుంది, దాని మీద అర్ధచంద్రాకారపు ఉక్కు క్లిప్పు కనిపిస్తుంది. సన్నని స్క్రూడ్రైవర్ మొన దూర్చి ఆ క్లిప్పును రెండు మూడు మిల్లీమీటర్లు లేపితే చాలు. అలాగే లేపి పట్టుకుని షాకర్‌ను బయటికి లాగితే గూడు గుండు మీద నుంచి ఊడివస్తుంది. క్లిప్పును మొత్తంగా పీకితే ఎగిరి ఎక్కడో పడుతుంది, వంగితే మళ్లీ పట్టదు. డోరు వైపు కొసను మాత్రమే తీసి, షాకర్‌ను బాడీకే వదిలేయవచ్చు. రెండు కొసలూ తీస్తే రాడ్డు ఏ వైపు ఉందో, ఏది ఎడమదో ఏది కుడిదో రాసుకోవాలి.

షాకర్ లోపల నైట్రోజన్ అధిక ఒత్తిడిలో ఉంటుంది. దాన్ని కోయడం, వేడి చేయడం, రంధ్రం చేయడం ప్రాణాపాయం. రాడ్డు మీద నూనె చారలు కనిపిస్తే షాకర్లు రెండిటినీ జతగా మార్చాలి.

9. హింజు బోల్టులు, డోరు దించడం

హింజుకు రెండు వైపులా బోల్టులుంటాయి, ఒకవైపు రూఫుకు, మరోవైపు డోరుకు. అవకాశం ఉన్నంత వరకు డోరు వైపు బోల్టులే విప్పాలి. రూఫు వైపు నట్లు సీలింగ్ లైనింగ్ వెనక ఉంటాయి. దాన్ని వంచితే పడిన ముడత పోదు. పైగా కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న కార్లలో అవి రూఫు అంచు వెంబడే ఉంటాయి. అలాంటి కారులో రూఫు వైపు నుంచే విప్పక తప్పకపోతే వర్క్‌షాపుకు అప్పగించాలన్నది నా అభిప్రాయం.

1. బోల్టుల మీద స్ప్రే కొట్టి పావుగంట ఆగాలి.
2. సాకెట్ తల మీద పూర్తిగా కూర్చుందని చూసుకుని, అన్ని బోల్టులనూ అర చుట్టు వదులు చేయాలి.
3. ప్రతి హింజుకూ ఒక్కొక్క బోల్టు ఉంచి మిగిలినవి తీసేయాలి.
4. ఇద్దరూ చెరో పక్క నిలబడి, ఒక చెయ్యి పై మూల దగ్గర, ఒక చెయ్యి కింది అంచు దగ్గర పెట్టి బరువు తీసుకోవాలి.
5. మూడో మనిషి చివరి బోల్టులు తీసి, హింజుకూ డోరుకూ మధ్య పలుచని రేకు బిళ్లలుంటే ఏ హింజువో రాసి భద్రపరచాలి.
6. కర్రను తప్పించి, ఇద్దరూ ఒకేసారి వెనక్కి అడుగు వేసి డోరును దించాలి. దించేటప్పుడు పై మూలలు రూఫు రంగుకు తగలకుండా రూఫు అంచు మీద ముందే గుడ్డ పరిచి ఉంచాలి.

డోరును బొంతల మీద పడుకోబెట్టాలి. కింది అంచు మీద నేలకు నిలబెడితే ఆ మడతలో రంగు చిట్లి, తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది. డోరు కింద ఉంది కాబట్టి అడుగు మడతలోని నీరు పోయే రంధ్రాల్లో పేరుకున్న మట్టిని కూడా ఇప్పుడే తీసేయాలి. అవి మూసుకుపోవడం వల్ల కూడా తుప్పు పడుతుంది.

డోరు లేకుండా కారును రోడ్డు మీదికి తీసుకెళ్లకూడదు. కదిలే కారు వెనక గాలి ఒత్తిడి తగ్గి సైలెన్సర్ పొగ లోపలికి చేరుతుంది. నంబరు ప్లేటు, బ్రేక్ లైటు కూడా ఉండవు. వైర్ల కొసలకు టేపు చుట్టి, ఖాళీని మందపాటి ప్లాస్టిక్ పట్టాతో కప్పి ఉంచాలి.

10. తిరిగి బిగించడం

వేరే డోరు తెచ్చినట్లయితే వైపర్ రంధ్రం, డీఫాగర్, కనెక్టర్లు, లాక్ రకం పాతదానితో సరిపోతున్నాయో లేదో పెయింట్ వేయించక ముందే చూసుకోవాలి.

ముందు బాడీ వైపు ఉన్న లాక్ కొక్కేన్ని వదులు చేయాలి. అది బిగిసి ఉంటే డోరును తన వైపు లాగుతుంది, గ్యాపు కొలత తప్పుతుంది. డోరును ఎత్తి పట్టుకుని బోల్టులు చేత్తోనే తిప్పి, హింజులను గీతల మీదికి తెచ్చి, సగం బిగించి, కర్ర ఆనించాలి. షాకర్లు ఇంకా పెట్టకూడదు.

డోరును మెల్లగా, లాక్ పడకుండా దించి, అట్టముక్కలతో నాలుగు చోట్లా గ్యాపు చూడాలి. ఒక పక్క సందు ఎక్కువైతే డోరు ఎత్తి బోల్టులు కొద్దిగా వదిలి ఒకటి రెండు మిల్లీమీటర్లు జరపాలి. కుదిరేదాకా ఇలా ఎన్నిసార్లైనా చేయాలి. కుదిరాక పూర్తిగా బిగించి, షాకర్లు తగిలించి, టక్కున కూర్చున్న శబ్దం వినాలి.

తాడుకు వైర్ల కట్ట చుట్టి మెల్లగా లాగితే అది తన దారిలోకి వస్తుంది. రబ్బరు గొట్టం అంచుకు షాంపూ నీళ్లు రాస్తే రంధ్రంలో తేలిగ్గా కూర్చుంటుంది. గ్రీజు రాయకూడదు, దానివల్ల రబ్బరు ఉబ్బే ప్రమాదం ఉంది.

డోరును మొదటిసారి పూర్తిగా మూసే ముందు బ్యాటరీ కలిపి, లాక్ నోటిని స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసి, స్విచ్‌తో తెరుచుకుంటుందో లేదో చూడాలి. తెరుచుకుంటేనే డోరు మూయాలి. మెల్లగా మూస్తే కొక్కెం తన స్థానం తానే చూసుకుంటుంది. డోరు తెరిచి అదే చోట దాన్ని బిగించాలి.

11. ఎదురయ్యే లోపాలు, సవరణలు

- మూయడానికి గట్టిగా కొట్టాల్సి వస్తోంది: రబ్బరు స్టాపర్లు (డోరు మూసినప్పుడు ఆనుకునే, తిప్పి సర్దే రబ్బరు దిమ్మలు) ఎక్కువ బయటికి ఉన్నాయి, లేదా కొక్కెం లోపలికి జరిగింది. ముందు స్టాపర్లను ఒక చుట్టు లోపలికి తిప్పి చూడాలి.
- స్పీడ్ బ్రేకర్ దగ్గర డిక్కీ గడగడలాడుతోంది: స్టాపర్లు లోపలికి ఉన్నాయి. రెండింటినీ సమానంగా బయటికి తిప్పాలి.
- బోల్టు తల అరిగిపోయింది: సాకెట్‌ను సుత్తితో తట్టి కూర్చోబెట్టి ప్రయత్నించాలి. బిగించేటప్పుడు కొత్త బోల్టు వేయాలి.
- ఒక లైటు వెలగడం లేదు: బల్బు మార్చే ముందు కనెక్టర్, ఆ తర్వాత ఫ్యూజు, ఆ తర్వాత రబ్బరు గొట్టంలోని వైరు చూడాలి.

12. నీటి పరీక్ష, చివరి తనిఖీ

రబ్బరు బీడింగు చుట్టూ అక్కడక్కడా కాగితపు పట్టీ పెట్టి డోరు మూసి లాగాలి. ఎక్కడ తేలిగ్గా జారి వస్తే అక్కడ బిగింపు చాలదు. తర్వాత ఒకరు టార్చితో డిక్కీ లోపల కూర్చోగా, మరొకరు గొట్టంతో కింది అంచు నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి నీరు పట్టాలి. పై నుంచి మొదలుపెడితే నీరు అంతటా కారి, లీకు అసలు చోటు తెలియదు. రబ్బరు గొట్టం అంచు, మూడో బ్రేక్ లైటు చుట్టూ ఉండే సీలు, హింజు బోల్టులు, ఈ మూడు చోట్ల ముందుగా చూడాలి.

నీటి పరీక్ష నెగ్గాకే లోపలి ప్యానెల్ బిగించాలి. చివరగా ఇవన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవాలి:

- బ్రేక్ లైట్లు, నంబరు ప్లేటు లైట్లు, రివర్స్ కెమెరా
- వైపర్ టేపు గుర్తు దగ్గరే ఆగుతోందా, నీరు చిమ్ముతోందా
- డీఫాగర్ వేస్తే అద్దం వెచ్చబడుతోందా
- రిమోట్, స్విచ్, తాళం చెవి అన్నింటితో డిక్కీ తెరుచుకుంటోందా
- సగం ఎత్తులో వదిలితే డోరు మీద పడుతోందా, పైకి లేస్తోందా

కారు వారం పది రోజులు గతుకుల రోడ్ల మీద తిరిగాక హింజు బోల్టులకు మరోసారి పానా వేసి చూసి, అట్టముక్కలతో నాలుగు గ్యాపులూ మళ్లీ కొలవాలి.